ఎనిమిది కోణాలు, ఒకే ప్రశ్న



ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయి లేదా అమ్మాయి మ్యాథ్స్ నోట్‌బుక్ ఈ మధ్య తెరిచి చూశారా? పేజీ తర్వాత పేజీ దాదాపు ఒకే బొమ్మ ఉంటుంది. రెండు అడ్డగీతలు, వాటిని ఏటవాలుగా కోసుకుంటూ పోయే మరో గీత. ఒక మూల 65 డిగ్రీలు అని రాసి ఉంటుంది, ఇంకో మూల ప్రశ్నార్థకం. సమాంతర రేఖలు, వాటిని ఖండించే తిర్యగ్రేఖ, అక్కడ ఏర్పడే కోణాలు. ఏడులో మొదలయ్యే ఈ పాఠం తొమ్మిదిలో మళ్లీ వస్తుంది. పదిలో సరూప త్రిభుజాలు చెప్పేటప్పుడు పేరు చెప్పకుండానే అడుగడుగునా ఉంటుంది.

పిల్లలకు ఇది తేలిక పాఠం. యూనిట్ టెస్ట్‌లో మార్కులు కూడా బాగానే వస్తాయి. చిక్కు అక్కడే ఉంది. జవాబు చూడగానే తట్టేస్తుంది కాబట్టి అది ఎందుకు సరైనదో ఎవరూ అడగరు. అడగకుండా వదిలేసిన ఆ ప్రశ్న తొమ్మిదో తరగతిలో "నిరూపించండి" అన్న మాట కనబడగానే ఎదురొస్తుంది. ఏడులో పాతికకు పాతిక తెచ్చుకున్న పిల్లలు తొమ్మిదిలో జామెట్రీ అంటే భయపడడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. అందుకని ఈసారి మీతో ఒక పాఠం చేయిద్దామనుకుంటున్నాం. పక్కన ఒక రూళ్ల నోట్‌బుక్, స్కేలు, పెన్సిల్ పెట్టుకోండి. వీలైతే మీ పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ముందు బొమ్మ గీద్దాం. నోట్‌బుక్‌లో నాలుగైదు రూళ్ల ఎడం ఉన్న రెండు గీతల్ని పెన్సిల్‌తో దిద్దండి. స్కేలును ఏటవాలుగా, పైకొస కుడివైపుకు వాలేలా పెట్టి రెండింటినీ కోస్తూ ఒక గీత గీయండి. పై కూడలిలో నాలుగు కోణాలు, కింది కూడలిలో నాలుగు. పై కూడలిలో ఎడమవైపు పైమూల నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో 1, 2, 3, 4 అని నంబర్లు వేయండి. కింది కూడలిలో అదే వరుసలో 5, 6, 7, 8.

ఇప్పుడు ప్రొట్రాక్టర్‌తో 2వ కోణాన్ని మాత్రం కొలవండి. 65 డిగ్రీలు వచ్చిందనుకుందాం. ఇక ప్రొట్రాక్టర్ డబ్బాలో పెట్టేయవచ్చు. 1, 2 కోణాలు రెండూ కలిస్తే ఒక తిన్నని గీత, అంటే 180 డిగ్రీలు. కాబట్టి 1వ కోణం 115. 2కి ఎదురుగా ఉన్న 4 కూడా 65, 1కి ఎదురుగా ఉన్న 3 కూడా 115. పై కూడలి అయిపోయింది. గమనించండి, ఇంతవరకూ "సమాంతరం" అన్న మాటతో మనకు పనే పడలేదు. ఏ రెండు తిన్నని గీతలు ఎక్కడ ఖండించుకున్నా ఇది నిజమే.

కింది కూడలికి దిగాలంటే మాత్రం ఒక మెట్టు కావాలి. ఆ మెట్టు ఏమిటంటే, మనం దిద్దిన రెండు గీతలూ సమాంతరం. ఆ ఒక్క మాట చేతిలో ఉంటే కింది కూడలి పై కూడలికి అచ్చు నకలు. 5వది 115, 6వది 65, 7వది 115, 8వది 65. మొత్తం బొమ్మలో ఉన్నవి రెండే రెండు కొలతలు, ఒక చిన్నది, ఒక పెద్దది. ఎనిమిదింటిలో ఏ రెండు కోణాలు తీసుకున్నా అవి సమానంగానైనా ఉంటాయి, లేదా కలిపితే 180 అయినా వస్తాయి. మూడో మాట లేదు. కోసే గీత నిటారుగా ఉంటే ఆ తేడా కూడా పోయి ఎనిమిదీ 90 అవుతాయి.

పేర్ల గొడవ

మీలో చాలామంది తెలుగు మీడియంలో చదువుకుని ఉంటారు. పిల్లల పుస్తకంలో కరెస్పాండింగ్ యాంగిల్స్, ఆల్టర్నేట్ ఇంటీరియర్ యాంగిల్స్ అని చూసి, ఇది మనవల్ల కాదులే, ట్యూషన్ పెట్టిద్దాం అనుకునేవారు మాకు తరచూ కనిపిస్తారు. ఇవి మీరు చదివినవే. ట్రాన్స్‌వర్సల్ అంటే తిర్యగ్రేఖ. కరెస్పాండింగ్ యాంగిల్స్ అంటే సంగత కోణాలు, రెండు కూడళ్లలోనూ ఒకే స్థానంలో ఉన్నవి: మన బొమ్మలో 1, 5 ఒక జత, 2, 6 ఇంకో జత. ఆల్టర్నేట్ ఇంటీరియర్ అంటే ఏకాంతర అంతర కోణాలు, రెండు గీతల మధ్యనే ఉండి తిర్యగ్రేఖకు చెరో పక్కన ఉన్నవి: 3, 5 ఒకటి, 4, 6 ఒకటి. లీనియర్ పెయిర్ అంటే రేఖీయ జత. పుస్తకాన్ని బట్టి ఒకటీ అరా పేరు మారొచ్చు, సరుకు మాత్రం ఇదే.

నిజానికి మీ పాత పేర్లు పిల్లలకు ఒక్కోచోట ఇంగ్లిష్ పేర్లకంటే మేలు చేస్తాయి. వర్టికల్లీ ఆపోజిట్ యాంగిల్స్ అన్న మాట తీసుకోండి. వర్టికల్ అంటే నిలువు అని పిల్లలకు ముందే తెలుసు. అందుకని పైన ఒకటి, కింద ఒకటి ఉన్న జతను గుర్తుపట్టి, కుడి ఎడమలుగా ఉన్న జతను వదిలేస్తారు. ఆ మాటలోని వర్టికల్‌కు నిలువుతో సంబంధం లేదు, అది వెర్టెక్స్ నుంచి, అంటే శీర్షం నుంచి వచ్చింది. మనం చదువుకున్న "శీర్షాభిముఖ కోణాలు" అన్న పేరులో ఆ సంగతి సూటిగా ఉంది: శీర్షం దగ్గర అభిముఖంగా, ఎదురెదురుగా ఉన్నవి. ఈ ఒక్క మాట మీరు విడమరిచి చెబితే పిల్లలకు ఆ పొరపాటు మళ్లీ రాదు. ఇక తెలుగు పేరు పొరబాటు పట్టించే చోటు కూడా ఒకటుంది. తిర్యక్ అంటే అడ్డంగా, వంకరగా అన్న అర్థం ఉంది కదా అని తిర్యగ్రేఖ ఎప్పుడూ ఏటవాలుగానే ఉండాలనుకోకూడదు. నిటారుగా దిగినా అది తిర్యగ్రేఖే.

పిల్లలు ఎక్కువగా వాడేది మాత్రం ఈ పేర్లేవీ కాదు, ఇంగ్లిష్ అక్షరాల ఆకారాలు. బొమ్మలో ఎఫ్ ఆకారం కనిపిస్తే సమానం, జెడ్ ఆకారం కనిపిస్తే సమానం, సి ఆకారం కనిపిస్తే కలిపి 180. క్లాసులో మేమూ చెబుతాం. జతను వెతకడానికి అది మంచి ఉపాయమే. కానీ జెడ్ కనిపించడం కారణం కాదు. ఏ రెండు గీతల్ని ఇంకో గీత కోసినా ఏదో ఒక జెడ్ కనబడుతూనే ఉంటుంది, ఆ రెండు గీతలూ వంకరటింకరగా పోతున్నా సరే. కారణం జెడ్‌లో లేదు, దాని పై గీతా కింది గీతా సమాంతరం కావడంలో ఉంది.

అసలు ఎందుకు సమానం?

పిల్లలు అడిగితే మీరు ఇలా చూపించవచ్చు. ఒక ట్రేసింగ్ పేపర్‌ను బొమ్మ మీద పరిచి పై కూడలిని మాత్రం గీయండి, తిర్యగ్రేఖను కాస్త పొడుగ్గా. ఇప్పుడు కాగితాన్ని తిప్పకుండా, తిర్యగ్రేఖ మీద తిర్యగ్రేఖ ఉండేలా కిందికి జరపండి. కింది కూడలి చేరేసరికి పై గీత నకలు సరిగ్గా కింది గీత మీద కూర్చుంటుంది. సంగత కోణాలు సమానం అని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, కంటి ముందే ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. సంగత కోణాలు సమానమని తెలిశాక మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. 3, 5 ఎందుకు సమానం? 3 ఎదురుగా ఉన్న 1తో సమానం, 1 తన సంగత కోణం 5తో సమానం. కాబట్టి 3, 5 సమానం. మూడు వాక్యాలు. మీ పిల్లలు ఈ మూడు వాక్యాలు పుస్తకం చూడకుండా చెప్పగలిగితే ఈ పాఠంలో సగం వచ్చినట్టే.

ఇప్పుడు రెండో ప్రయోగం. ఒక తెల్ల కాగితం మీద, స్కేలు వాడినా రూళ్లు లేకుండా, చూపు అంచనాతో రెండు "సమాంతర" గీతలు గీయమనండి. వాటిని కోస్తూ ఇంకో గీత గీసి మళ్లీ ట్రేసింగ్ పేపర్ జరపండి. ఈసారి నకలు గీత కింది గీత మీద పూర్తిగా కూర్చోవడం అరుదు. ఒక కొస దగ్గర సన్నని సందు కనిపిస్తుంది. ఆ సందులోనే ఈ పాఠం అంతా ఉంది.

ఒక లెక్క చెబుతాను. 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు గీతలున్నాయి. వాటిని నిలువుగా కోసే గీతతో ఒకటి సరిగ్గా 90 డిగ్రీలు చేస్తోంది, రెండోది అదే పక్కన 89 డిగ్రీలు. కంటికి అవి సమాంతరంగానే ఉంటాయి, మీరూ నేనూ కాదు, మంచి డ్రాయింగ్ మాస్టారు కూడా పట్టుకోవడం కష్టం. పేజీ చివరిదాకా కలవవు. టేబుల్ మీద కాగితాలు వరసగా అతికించి పొడిగిస్తూ పోతే దాదాపు 5 మీటర్ల 73 సెంటీమీటర్ల దగ్గర కలిసిపోతాయి, అంటే హాల్లో మొదలుపెడితే పక్కగది చేరేలోపే. ఒకే ఒక్క డిగ్రీ తేడాకు ఇది. కాబట్టి "చూస్తే సమాంతరంగా ఉన్నాయి కదా" అన్నది జవాబు కాదు. ఆ సంగతి లెక్కలో ఇచ్చి ఉండాలి, లేదా మనం నిరూపించి ఉండాలి. గీతల మీద బాణం గుర్తులు వేయడం దానికే. పుస్తకంలో ఆ చిన్న బాణాలు అలంకారం కోసం కాదని పిల్లలకు ఒకసారి చూపించండి.

అందుకని హోంవర్క్ దగ్గర మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "అవి సమాంతరమని నీకెలా తెలుసు?" కోణం ఎంత అని అడగకండి, అది వాళ్లే చెబుతారు.

రెండు దారులు, ఎదురెదురుగా

ఈ పాఠంలో రోడ్డుకు రెండు వైపులా రాకపోకలున్నాయి. గీతలు సమాంతరమని తెలిస్తే కోణాలు సమానమని చెప్పడం ఒక దారి. కోణాలు సమానమని తెలిస్తే గీతలు సమాంతరమని చెప్పడం రెండోది. రెండూ నిజమే, కానీ రెండూ ఒకటి కాదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ఎలిమెంట్స్ మొదటి భాగంలో వీటిని వేరువేరుగా నిరూపించాడు. కోణాల నుంచి సమాంతరానికి వెళ్లే దారి 27, 28 సిద్ధాంతాల్లో ఉంది. సమాంతరం నుంచి కోణాలకు వచ్చే దారి 29లో. ఆ 29కి వచ్చేదాకా ఆయన తన ఐదో స్వీకృతాన్ని ముట్టుకోలేదు. తిర్యగ్రేఖకు ఒక పక్కనున్న అంతర కోణాల మొత్తం 180 కంటే తక్కువైతే, ఆ రెండు గీతలూ ఆ పక్కనే ఎక్కడో కలుస్తాయి అన్నదే ఆ స్వీకృతం. మన 90, 89 లెక్క అదే. దీన్ని మిగతా స్వీకృతాల నుంచి నిరూపించాలని రెండువేల ఏళ్లు గణితవేత్తలు తలలు పట్టుకున్నారు. చివరికి 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీ, 1832లో హంగరీలో బోయాయ్ ఇది లేకుండా కూడా వేరే జామెట్రీ కట్టవచ్చని ప్రచురించి చూపించారు. ఏడో తరగతి పిల్లవాడి పేజీలో ఇంత పెద్ద కథ నిద్రపోతోందని చెబితే కొందరికైనా కళ్లు మెరుస్తాయి.

రెండో దారి ఇంట్లో చూడాలంటే జామెట్రీ బాక్స్ చాలు. స్కేలును కదలకుండా పట్టుకుని, దానికి మూలమట్టం, అదే సెట్ స్క్వేర్, ఆనించి ఒక గీత గీయండి. సెట్ స్క్వేర్‌ను స్కేలు వెంట జరిపి మరో గీత. రెండూ సమాంతరం. ఎందుకు? స్కేలు అంచు ఇక్కడ తిర్యగ్రేఖ. సెట్ స్క్వేర్ మూల మారలేదు కాబట్టి సంగత కోణాలు సమానం. సంగత కోణాలు సమానం కాబట్టి గీతలు సమాంతరం. ద్వారబంధం బిగించే వడ్రంగి నాలుగు మూలలా మూలమట్టం పెట్టి చూసుకునేదీ ఇందుకే. రెండు నిలువు కమ్ములూ గడపతో 90 చేస్తే చాలు, అవి ఒకదానికొకటి సమాంతరమని మళ్లీ కొలవనక్కర్లేదు.

పరీక్ష పేపర్లో ఈ రెండు దారులూ కలగాపులగం అయిపోతాయి. రెండు గీతలు సమాంతరమని నిరూపించమంటే, "అవి సమాంతరం కాబట్టి ఏకాంతర కోణాలు సమానం, ఏకాంతర కోణాలు సమానం కాబట్టి అవి సమాంతరం" అని రాసి సంతోషంగా పేపర్ ఇచ్చేవాళ్లుంటారు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపల పెట్టి, లోపలికెళ్లి తీసుకొస్తానన్నట్టుంటుంది అది.

ఎక్స్ వచ్చిన చోట

ఈ పాఠంలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడ. రెండు సమాంతర రేఖల మధ్య, తిర్యగ్రేఖకు ఒకే పక్కన ఉన్న కోణాలు 2ఎక్స్ + 20, 3ఎక్స్ + 10. ఎక్స్ విలువ ఎంత? సమాంతరం అన్న మాట చూడగానే "సమానం" అని చెయ్యి రాసేస్తుంది. 2ఎక్స్ + 20 = 3ఎక్స్ + 10, కాబట్టి ఎక్స్ = 10. చక్కగా పూర్ణసంఖ్య వచ్చింది. పూర్ణసంఖ్య వస్తే జవాబు కరెక్ట్ అని పిల్లల్లో ఒక గట్టి మూఢనమ్మకం ఉంది, ఎక్కడినుంచి వచ్చిందో గానీ. ఎక్స్‌ను వెనక్కి పెట్టి చూస్తే రెండు కోణాలూ 40, 40. ఇవి ఒకే పక్కనున్న అంతర కోణాలు, కలిపితే 180 రావాలి, వచ్చింది 80. అంటే ఆ గీతలు సమాంతరమే కాదు. లెక్కలో ఇచ్చిన మాటే తప్పయిపోయింది.

సరైన దారి, రెండూ కలిస్తే 180. 5ఎక్స్ + 30 = 180, ఎక్స్ = 30, కోణాలు 80, 100. మన బొమ్మలో 3, 6 చూడండి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అలాగే ఇక్కడా రావాలి. ఎక్స్ దగ్గర ఆగిపోకుండా కోణాల విలువలు రాసి బొమ్మ మీద వేసి చూసుకోవడం అర నిమిషం పని. టెస్ట్‌లో ఆ అర నిమిషం ఖర్చు పెట్టమని మేం చెబుతూనే ఉంటాం, ఇంట్లో మీరూ చెప్పండి.

ఇక నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన లెక్క. క్లాసులో దీన్ని మోచేయి లెక్క అంటాం. రెండు సమాంతర రేఖలు గీయండి. పై గీత మీద ఎడమవైపు ఒక చుక్క, కింది గీత మీద దాదాపు దానికి కిందుగా ఇంకో చుక్క. పై చుక్క నుంచి కుడివైపు కిందికి ఒక గీత, కింది చుక్క నుంచి కుడివైపు పైకి ఒక గీత. రెండూ మధ్యలో కలుస్తాయి, వంచిన మోచేయిలాగా. పై గీతకూ మోచేయి పై భాగానికీ మధ్య, కుడివైపు కోణం 40. కింది గీతకూ మోచేయి కింది భాగానికీ మధ్య, మళ్లీ కుడివైపు కోణం 30. మోచేయి దగ్గర, లోపలివైపు కోణం ఎంత?

ఇక్కడ ఎఫ్ కనబడదు, జెడ్ కనబడదు. రెండింటినీ కోసే ఒకే గీత అసలు బొమ్మలో లేదు. ఆకారాల మీద ఆధారపడ్డ పిల్లలు ఇక్కడ పెన్ను ఆపేస్తారు. మీరు వెంటనే చెప్పేయకండి, కాసేపు చూడనివ్వండి. అయిదు నిమిషాలు ఏమీ రాయకుండా బొమ్మ వంక చూస్తూ కూర్చున్నారంటే టైమ్ వేస్ట్ అవుతోందని అనుకోవద్దు. లెక్క నేర్చుకోవడం జరిగేది అప్పుడే. తర్వాత ఒకే ఒక్క సాయం చేయండి: "మోచేయి దగ్గర ఇంకో గీత గీస్తే?"

మోచేయి చుక్క గుండా పై, కింది గీతలకు సమాంతరంగా ఎడమవైపుకు మూడో గీత గీస్తే మోచేయి కోణం రెండు ముక్కలవుతుంది. పై ముక్క 40కి ఏకాంతర కోణం, కాబట్టి 40. కింది ముక్క 30కి ఏకాంతర కోణం, కాబట్టి 30. మొత్తం 70. లెక్కలో లేని గీతను మనమే తెచ్చి పెట్టాం, అది సమాంతరంగా ఉండాలని కూడా మనమే నిర్ణయించాం. "సమాంతరమని ఎలా తెలుసు?" అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు, "నేనే అలా గీశాను కాబట్టి."

ఈ ఉపాయమే త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 ఎందుకో చెబుతుంది. త్రిభుజం పై శీర్షం గుండా భూమికి సమాంతరంగా ఒక గీత గీయండి. కింద ఉన్న రెండు కోణాలూ ఏకాంతర కోణాలుగా పైకి వచ్చి పై కోణానికి చెరో పక్కన కూర్చుంటాయి. మూడూ కలిసి ఒక తిన్నని గీత.

ఓఎమ్‌ఆర్ షీట్‌లో ఇదేదీ రాయడానికి చోటుండదు. ఫౌండేషన్ టెస్టుల్లో 70 పక్కన బుడగ నింపితే మార్కు వస్తుంది, కంటితో అంచనా వేసి నింపినా వస్తుంది. ఆ మార్కులు చూసి తృప్తి పడకుండా, వారానికి రెండు లెక్కలైనా కారణాలతో సహా పూర్తిగా నోట్‌బుక్‌లో రాయించమని మీకు మా విన్నపం. "సమాంతర రేఖలు, ఏకాంతర కోణాలు, కాబట్టి సమానం" అని ప్రతి మెట్టు పక్కన ఉండాలి. తొమ్మిదో తరగతిలో ప్రతి మెట్టుకూ కారణం అడుగుతారు, ఆ అలవాటు ఒక్క నెలలో రాదు.

నీడతో భూమిని కొలవడం

సమాంతర రేఖల మధ్య తెలియని కోణాన్ని కనిపెట్టి ఎవరైనా ఏం సాధించారు అని పిల్లలు అడిగితే ఎరటోస్తనీస్ కథ చెప్పండి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి ఆయన అధిపతి. దక్షిణాన ఉన్న సైయీన్‌లో, ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదిలో పగలు అతి పొడుగ్గా ఉండే రోజు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ పడదు. అదే సమయానికి అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. నిలువుకూ సూర్యకిరణానికీ మధ్య కోణం ఒక పూర్తి చుట్టులో 50వ వంతు, అంటే 7.2 డిగ్రీలు. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి రెండు ఊళ్లలో పడే కిరణాలూ సమాంతరం. రెండు ఊళ్ల నిలువు గీతల్నీ భూమి లోపలికి పొడిగిస్తే అవి భూకేంద్రం దగ్గర కలుస్తాయి. అలెగ్జాండ్రియా నిలువు గీత తిర్యగ్రేఖ. పైన నీడ దగ్గర కోణం, కింద భూకేంద్రం దగ్గర కోణం ఏకాంతర కోణాలు, కాబట్టి సమానం. రెండు ఊళ్ల దూరం 5,000 స్టేడియా అయితే భూమి చుట్టుకొలత దానికి 50 రెట్లు, 2,50,000 స్టేడియా. భూకేంద్రానికి ఎవరూ వెళ్లలేదు, అక్కడి కోణాన్ని ఎవరూ కొలవలేదు.

ఇది మనమూ చేయవచ్చు. హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో నిలువు కర్రకు నీడ ఉండదు. ఢిల్లీ దాదాపు హైదరాబాద్‌కు నేరుగా ఉత్తరాన ఉంది. అక్కడ మీ బంధువులెవరైనా ఉంటే అదే రోజు మధ్యాహ్నం మేడ మీద ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవమనండి. దాదాపు 20 సెంటీమీటర్లు రావాలి. కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున 2 సెంటీమీటర్ల అడ్డగీత వేసి త్రిభుజం పూర్తి చేసి పై మూల కొలిస్తే 11 డిగ్రీల పైచిలుకు వస్తుంది. లెక్క ప్రకారం 11.2. పూర్తి చుట్టు 360లో అది సుమారు 32వ వంతు. రెండు నగరాల మధ్య నేరు దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. 32తో గుణిస్తే 40,000. భూమి చుట్టుకొలత కూడా సుమారు అంతే. ఆగస్టులో మబ్బులు అడ్డం రాకపోతే అదృష్టమే, మే నెలలో అయితే ఎండకు కొదవ లేదు. కర్ర నిజంగా నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే చాలు.

ఈ ఆదివారానికి మూడు లెక్కలు ఇస్తున్నాం. కారణాలతో సహా రాయించి సోమవారం మ్యాథ్స్ టీచర్‌కి చూపించమనండి. పిల్లలకంటే ముందు మీరొకసారి చేసి చూస్తే ఇంకా బాగుంటుంది.

మొదటిది. సమాంతర రేఖల మధ్య ఏకాంతర అంతర కోణాలు 3ఎక్స్ + 10, 5ఎక్స్ - 30. రెండు కోణాలూ ఎంతెంత?

రెండోది. మోచేయి లెక్కలో మోచేయి కోణం 95, పై కోణం 55. కింది కోణం ఎంత? మూడో గీత గీయకుండా చేస్తే ఒప్పుకోం.

మూడోది. ఒక తిర్యగ్రేఖ రెండు రేఖల్ని ఖండిస్తోంది. పై కూడలిలో 2వ కోణం 70 డిగ్రీలు. కింది కూడలిలో 6వ కోణం ఎంత?